యంత్రాల ముచ్చట్లు: ఆటల కంప్యూటరుకు అదను

గోదావరికి ఆవలి ఒడ్డున ఆదిలాబాదు, ఈవలి ఒడ్డున కరీంనగరం. అక్కడి నల్లరేగడిలో పత్తి పండుతుంది, ఇక్కడి మాగాణుల్లో వరి పండుతుంది. ఈ రెండు చోట్లా రైతు ఇంట పుట్టిన ఏ పిల్లవాణ్ణి అడిగినా ఒక మాట చెబుతాడు: విత్తనం మంచిదైతే చాలదు, అదను కూడా కుదరాలి. మృగశిర కార్తె వచ్చిందని తొందరపడి, నేల బాగా తడవకముందే పత్తిగింజ పెడితే మొలక మాడిపోతుంది. ఇంకా మంచి వాన పడాలని చూస్తూ కూర్చుంటే కాలం దాటిపోతుంది.

పిల్లలూ! ఈ నెల మనం ముచ్చటించుకోబోయేది పొలం సంగతి కాదు, ఆటల కంప్యూటరు సంగతి. అయినా ఆ రెండు ప్రశ్నలూ ఇక్కడ కూడా తప్పవు. ఏ భాగాలు కొనాలి? ఎప్పుడు కొనాలి? అంగట్లో తయారుగా ఉన్న కంప్యూటరును తెచ్చుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. కాని భాగాలు మనమే ఎంచుకుని కూర్పించుకుంటే, పెట్టిన ప్రతి రూపాయీ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. రేపు ఒక భాగం పాడైతే దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. పెద్దలు కూడా ఈ పుటలు పిల్లలతో కలిసి చదివితే మంచిది. ఖర్చు పెట్టేది వాళ్ళే కదా!

బొమ్మలు గీసే యంత్రం

ఉత్తరాలు రాసుకునే కంప్యూటరుకూ, ఆటల కంప్యూటరుకూ భేదం ఏమిటి? సినిమాలో సెకనుకు 24 బొమ్మలు మన కళ్ళముందు మారతాయి. అందువల్లనే తెరమీది మనుషులు కదులుతున్నట్టు కనిపిస్తారు. అయితే ఆ బొమ్మలన్నీ ముందుగానే తీసి పెట్టినవి. ఆటలో అలా కుదరదు. మీరు కుడికి తిరిగితే కుడివైపు దృశ్యాన్నీ, ఎడమకు తిరిగితే ఎడమవైపు దృశ్యాన్నీ యంత్రం అప్పటికప్పుడు గీయాలి. మీరు ఎటు తిరుగుతారో దానికి ముందుగా తెలియదు.

సాధారణమైన తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. ఆ తెరమీద అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. గుణించి చూడండి: 20,73,600 చుక్కలు. అన్ని చుక్కలనూ సెకనుకు 60 సార్లు గీయాలంటే 12,44,16,000 అవుతాయి. ఒక్క సెకనులో పన్నెండు కోట్ల చుక్కలకు పైగా రంగు నిర్ణయించాలన్నమాట! "ఫోర్ కె" అనే పెద్ద తెరమీద చుక్కలు దీనికి సరిగ్గా నాలుగు రెట్లు. తెర ఎంచుకోవడంలోనే సగం ఖర్చు నిర్ణయమైపోతుందని ఇప్పుడు తెలిసిందా?

ఈ బొమ్మలు గీసే భాగం పేరు గ్రాఫిక్స్ కార్డు. అందులో చిన్న చిన్న లెక్కలు చేసే గుమాస్తాల వంటి విభాగాలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కొక్కటి చేసే లెక్క చిన్నదే. కాని అన్నీ ఒకేసారి చేస్తాయి. ఇలాంటి కార్డులను తయారుచేయడంలో మన తెలుగువారి చేయి కూడా ఉన్నది. ఇదే గోదావరి దిగువన ఉన్న కొవ్వూరుకు చెందిన రాజా కోడూరి 2015 నుంచి 2017 వరకు ఎ.ఎం.డి. సంస్థలో గ్రాఫిక్స్ విభాగానికి అధిపతిగా ఉన్నారు. తరువాత 2023 వరకు ఇంటెల్ సంస్థలో పనిచేశారు. ఇంటెల్ వారి "ఆర్క్" కార్డులు ఆయన అక్కడ ఉన్న రోజుల్లోనే వెలువడ్డాయి.

ఎవరి పని వారిది

మిగిలిన భాగాలను కూడా పరిచయం చేసుకుందాం.

ప్రాసెసర్ ఇంటి పెద్ద వంటిది. బంతి ఎంత ఎత్తు ఎగరాలి, శత్రువు ఏ సందులోనుంచి రావాలి అన్నది లెక్కకట్టి, ఫలానా బొమ్మ గీయమని గ్రాఫిక్స్ కార్డుకు చెప్పేది ఇదే. ర్యామ్ పని చేసుకునే బల్ల. బల్ల పెద్దదైతే కావలసిన సామానంతా ఒకేసారి పరుచుకోవచ్చు. కరెంటు పోతే బల్లమీది సామానంతా మాయమవుతుంది. ఎస్.ఎస్.డి. ఇంట్లో గాదె వంటిది. కరెంటు పోయినా అందులో దాచినది పోదు. మదర్‌బోర్డు అంటే అన్ని భాగాలూ కూర్చునే పీట. ఒకదానినుంచి మరొకదానికి దారులు కూడా దానిమీదనే ఉంటాయి. గోడలోనుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకు దించి అందరికీ పంచిపెట్టేది ఎస్.ఎం.పి.ఎస్. వీటన్నిటినీ దాచుకునే ఇల్లు క్యాబినెట్.

వీటిలో ఏది గొప్పది అని అడిగితే జవాబు లేదు. నాగలికి ఒకవైపు బలమైన ఒంగోలు ఎద్దునూ, మరొకవైపు బక్క కోడెనూ కట్టారనుకోండి. నాగలి ఎవరి నడక నడుస్తుంది? కోడె నడకే గదా! ఒంగోలు ఎద్దు బలమంతా వృథా. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొని పాత ప్రాసెసర్ పక్కన పెడితే అంతే జరుగుతుంది. సెకనుకు 200 బొమ్మలు గీసే కార్డు కొని 60 సార్లు మాత్రమే మారే తెర తగిలిస్తే, మిగిలిన 140 బొమ్మలు మీ కంటికి కనిపించనే కనిపించవు. గంతకు తగ్గ బొంత అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

బలం సరిపోతే చాలదు, ఒకదానిలో ఒకటి అమరాలి కూడా. ర్యామ్‌లో డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని రెండు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. కాని అడుగున ఉండే చిన్న గాటు ఒకదానికి ఒకచోట, మరొకదానికి మరొకచోట ఉంటుంది. ఒకదాని గూటిలో మరొకటి దిగదు. బలవంతంగా దించితే విరుగుతుంది. ఎ.ఎం.డి. వారి ఎ.ఎం.4 బోర్డు డి.డి.ఆర్.4నే తీసుకుంటుంది, 2022లో వచ్చిన ఎ.ఎం.5 బోర్డు డి.డి.ఆర్.5నే తీసుకుంటుంది. అందుచేత భాగాలను ఒక్కొక్కటిగా కాక, మొత్తం జాబితా కాగితంమీద రాసుకుని ఒకేసారి ఎంచుకోవాలి.

మన ఎండ, మన కరెంటు

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు పిల్లవాడికైనా వర్తిస్తుంది. ఇక మన సంగతి చూద్దాం. రామగుండంలోనూ, ఆదిలాబాదులోనూ మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం అరుదేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వేసవి సెలవులు! పిల్లలు ఎక్కువసేపు ఆడుకునేదీ అప్పుడే.

కంప్యూటరు భాగాలు తమ వేడిని గాలికి వదులుకుని చల్లబడతాయి. ఆ గాలే వేడిగా ఉంటే ఎలా? గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే, లోపలి భాగాలు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ వేడెక్కుతాయి. చలికాలంలో గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గర నడుస్తున్నదనుకోండి. మే నెలలో గది 42 డిగ్రీలైతే అదే పనికి అది 87 డిగ్రీలకు చేరుతుంది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు ఆట నత్తనడక నడుస్తుంది. యంత్రం పాడైపోయిందని బెంగపెట్టుకునే పిల్లలు ముందు గది వేడి చూడాలి.

అందుచేత మన ప్రాంతంలో క్యాబినెట్‌ను అద్దాల అందం చూసి కొనరాదు. ముందువైపు గాలి లోపలికి రావడానికి జాలీ ఉన్నదా, వెనుకనుంచి వేడిగాలి బయటికి పోతుందా అని చూడాలి. దానిని గోడకు ఆనించి పెట్టరాదు. బీరువా సందులోకి నెట్టరాదు. ఆదిలాబాదులో పత్తి నుసి, గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటాయి. జాలీకి పట్టిన దుమ్ము నెలకొకసారి తుడవాలి. ఈ పనికి డబ్బు ఖర్చు కాదు, కొత్త ఫ్యాను కొన్నంత లాభం ఉంటుంది.

ఇక కరెంటు. రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రం శక్తి 2,600 మెగావాట్లు. అంత కరెంటు మన పక్కనే తయారవుతున్నా, వీధి చివరి ఇంటికి వచ్చేసరికి వోల్టేజి తగ్గవచ్చు. గాలివానకు కరెంటు పోవచ్చు. ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర పొదుపు చేయవద్దని చెప్పేది ఇందుకే. నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్. పోతూ పోతూ పక్కవాళ్ళను కూడా తీసుకుపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఆదుకునే యు.పి.ఎస్. విషయంలో చాలామంది ఒక పొరపాటు పడతారు. దానిమీద "600 వి.ఏ." అని ఉంటే 600 వాట్లు ఇస్తుందనుకుంటారు. కాని ఇళ్ళలో వాడే 600 వి.ఏ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. ఆడుతున్నప్పుడు భాగాలన్నీ కలిసి 300 వాట్లు తీసుకుంటున్నాయనుకోండి. ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర కొంత వేడిరూపంలో పోతుంది కనుక గోడనుంచి సుమారు 350 వాట్లు లాగుతుంది. తెరకు మరొక 25 వాట్లు. మొత్తం 375! చిన్న యు.పి.ఎస్. సరిగ్గా కరెంటు పోయిన క్షణానే చేతులెత్తేస్తుంది. అందుకే పెట్టెమీద వి.ఏ. అంకె పక్కన ఉండే వాట్ల అంకె చదవాలి.

నెలకొక భాగం

ఇప్పుడు "ఎప్పుడు" అనే ప్రశ్నకు వద్దాం. సిరిసిల్లలో ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాళ్ళ బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు. అక్క ఇంటర్మీడియేట్ చదువుతున్నది. అబ్బాయికి ఆటల కంప్యూటరు మీద మనసైంది. చాలా ఆలోచించి ఒకనాడు అన్నాడు:

"బాపూ, ఒక్కసారే అంత డబ్బు పెట్టవద్దు. నెలకొక భాగం కొందాం. ఈ నెల క్యాబినెట్, వచ్చే నెల ర్యామ్, ఆ పై నెల ఇంకొకటి. ఎనిమిది నెలల్లో కంప్యూటరు తయారు!"

బాపుకు ఈ మాట నచ్చింది. చీటీ కట్టినట్టే గదా అనుకున్నాడు. కాని అక్క పుస్తకం పక్కన పెట్టి అడిగింది:

"తమ్మీ, రెండో నెలలో ర్యామ్ కొంటావు. అది మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది?"

"కంప్యూటరులో పెట్టి చూస్తే తెలుస్తుంది."

"కంప్యూటరు ఎప్పుడు తయారవుతుంది?"

"ఎనిమిదో నెలలో."

"ర్యామ్‌కు గ్యారంటీ ఏ రోజునుంచి లెక్క?"

"బిల్లు రాసిన రోజునుంచి," అని అబ్బాయి ఆలోచనలో పడ్డాడు.

నిజమే! పెట్టెలో పడుకున్న భాగానికి కూడా గ్యారంటీ రోజులు కరిగిపోతూనే ఉంటాయి. లోపం ఉంటే మొదటి కొద్ది రోజుల్లో చెబితే దుకాణంవారు మార్చి ఇస్తారు. ఆరు నెలల తరువాత చెబితే సంస్థకు పంపించి నెలలు ఎదురుచూడాలి. పైగా, మధ్యలో కొత్తరకం ప్రాసెసర్ వస్తే, దానికి అమరని బోర్డు అప్పటికే ఇంట్లో కూర్చుని ఉంటుంది. తిరిగి అమ్ముదామంటే సగం ధర కూడా రాదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి!

"అయితే ఎనిమిది నెలలు చేతులు ముడుచుకుని కూర్చోవాలా?" అని అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు.

"అక్కరలేదు," అన్నది అక్క. "గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్లు దొరుకుతాయి. ముందు అలాంటిది తీసుకుందాం. కార్డు లేకుండానే కంప్యూటరు నడుస్తుంది. నా పాఠాలకు పనికివస్తుంది. మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలు నీకూ నడుస్తాయి. ఏడాది పోయాక, డబ్బు కూడినప్పుడు కార్డు కొని తగిలిద్దాం."

అప్పుడు బాపు అన్నాడు: "మగ్గాల సంగతీ ఇంతే. ముందు ఒక మగ్గం పెట్టి నడిపిస్తారు. దానిమీద వచ్చిన డబ్బుతో రెండోది కొంటారు. సగం మగ్గం కొని ఇంట్లో పెట్టుకుంటే గజం గుడ్డ కూడా రాదు."

పిల్లలూ, ఈ నెల మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే. విడతలుగా కొనడం తప్పు కాదు. అయితే ప్రతి విడత చివరా మీ దగ్గర పనిచేసే యంత్రం ఉండాలి, సగం యంత్రం కాదు.

అక్క చెప్పిన రకం ప్రాసెసర్లకు ఉదాహరణ కావాలంటే ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి ఉన్నది, అది ఎ.ఎం.4 బోర్డుకు. 2024లో వచ్చిన రైజెన్ 5 8600జి ఎ.ఎం.5 బోర్డుకు. ఇలా మొదలుపెట్టేవారు రెండో విడతకు చోటు ముందే ఉంచుకోవాలి. ఉదాహరణకు ఎన్‌విడియా వారి 5060 కార్డు 145 వాట్లు తీసుకుంటుంది. దానికి 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండాలని తయారుచేసినవారి సలహా. రేపు అలాంటి కార్డు కొనదలిస్తే, ఈనాడే ఆ శక్తిగల ఎస్.ఎం.పి.ఎస్. కొనాలి. క్యాబినెట్‌లో కార్డు పట్టే పొడవు ఉన్నదా అని కొలవాలి. ర్యామ్‌ను ఒకే పెద్ద ముక్కగా కాక రెండు సమానమైన ముక్కలుగా తీసుకుంటే, లోపలి గ్రాఫిక్స్‌కు రెండు దారుల్లో సమాచారం అంది ఆట వేగంగా నడుస్తుంది.

బోర్డును ముందుచూపుతో ఎంచుకున్నవారికి ఎంత లాభమో చూడండి. 2017లో ఎ.ఎం.4 బోర్డు కొన్నవారిలో చాలామంది, బోర్డులోని మూల ప్రోగ్రామును సరికొత్తదిగా మార్చుకుని, 2022లో వచ్చిన ప్రాసెసర్‌ను దానిమీదే పెట్టుకోగలిగారు. ఇల్లు కూల్చకుండా మేడ వేసుకున్నట్టు!

ధరలు ఎందుకు ఎక్కుతాయి?

"కొంచెం ఆగితే ధర తగ్గుతుంది గదా" అని కొందరంటారు. ఈ మాటకు ఒకప్పుడు మంచి ఆధారమే ఉండేది. 1965లో గార్డన్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు, ఒక చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతున్నదని రాశాడు. 1975లో ఆ మాటను రెండేళ్ళకొకసారి అని సవరించాడు. అలా చాలా ఏళ్ళు అదే డబ్బుకు అంతకంతకు మంచి యంత్రాలు వచ్చాయి.

అయితే ధరల దారి ఎప్పుడూ పల్లానికే పోదు. 1993 జులైలో జపానులోని నిహామా పట్టణంలో ఒక రసాయన కర్మాగారం పేలి తగలబడింది. చిప్పులకు పైతొడుగు వేసే జిగురులో చాలా భాగం ప్రపంచానికంతటికీ అక్కడినుంచే వచ్చేది. దాంతో ఎక్కడో ఉన్న దుకాణాల్లో కూడా ర్యామ్ ధర మండిపోయింది. 2011లో థాయిలాండులో వరదలు వచ్చి హార్డ్ డిస్కుల కర్మాగారాలు మునిగాయి. డిస్కుల ధర పెరిగింది. 2020 నుంచి 2022 వరకు గ్రాఫిక్స్ కార్డులకు కరువు వచ్చింది. ఒకవైపు కోవిడ్ రోజుల్లో అందరికీ కంప్యూటర్లు కావలసివచ్చాయి. మరొకవైపు క్రిప్టో నాణేలను తవ్వేవారు కార్డులను బస్తాలకొద్దీ కొన్నారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే నాణెం పద్ధతి మారి, దానికి కార్డులతో పని లేకుండా పోయింది. ఆ వాడేసిన కార్డులు పాత సామాను బజారుకు వచ్చాయి.

2025 చివరి నెలల్లో మళ్ళీ ర్యామ్ వంతు వచ్చింది. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలకు ర్యామ్ చిప్పులు విపరీతంగా కావలసివచ్చాయి. ప్రపంచంలోని ర్యామ్‌లో అధిక భాగం శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే తయారుచేస్తాయి. వారు ఆ కేంద్రాలవైపు మొగ్గారు. కొన్ని రకాల ర్యామ్ ధర కొద్ది నెలల్లోనే రెండింతలు దాటింది. ఇళ్ళలో వాడుకునేవారికి "క్రూషియల్" పేరుతో ర్యామ్ అమ్మే పని మానుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది.

చూశారా! జపానులో నిప్పు, థాయిలాండులో నీరు, అమెరికాలో డేటా కేంద్రం. వీటన్నిటి సెగా మంచిర్యాలలోని దుకాణానికి తగులుతుంది. రేపటి ధర ఫలానా అని పంచాంగం చూసి చెప్పగలవారు ఎవరూ లేరు.

మరి అదను ఏది?

చెప్పలేని దానిని వదిలేసి, చెప్పగలిగిన వాటిని చూసుకోవాలి. అవి మూడు.

మొదటిది అవసరం. మీరు ఆడదలచిన ఆటల పేర్లు నాలుగు రాయండి. ఒక్కొక్క ఆటకు కనీసం ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్, ఏ కార్డు కావాలో దాన్ని తయారుచేసినవారే చెబుతారు. ఆ నాలుగింటిలో పెద్దదానికి సరిపోతే చాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. సరికొత్త కార్డు వెనుక పరుగెత్తేవాడికి పరుగే మిగులుతుంది.

రెండవది డబ్బు. మొత్తం యంత్రానికి, లేదా పనిచేసే మొదటి విడతకు, డబ్బు చేతిలో ఉండాలి. పత్తి అమ్మిన డబ్బుతో కొనేవారు ముందు ఎరువుల బాకీ, బడి ఫీజు తీసి పక్కన పెట్టి, మిగిలినదే లెక్క చూసుకోవాలి. ఆటకోసం అప్పు చేయరాదు. ధర చెప్పినప్పుడు 18 శాతం జి.ఎస్.టి. కలిపి చెప్పారా, విడిగా వేస్తారా అని అడగాలి. పన్ను కలపకుండా 1,000 రూపాయలు అన్నది చివరికి 1,180 అవుతుంది.

మూడవది తీరిక. పదో తరగతి పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లో వస్తాయి. పరీక్షలముందు కొత్త కంప్యూటరు ఇంటికి రావడం మంచిది కాదని పెద్దలు వేరే చెప్పనక్కరలేదు. దసరా, దీపావళి రోజుల్లో ధరలు తగ్గించి అమ్ముతారు. అయితే ముందు నెలనుంచే ధరలు రాసి పెట్టుకున్నవారికే ఆ తగ్గింపు నిజమైనదో కాదో తెలుస్తుంది. ఒక పుస్తకంలో వారానికొకసారి మీ జాబితా ధర రాయండి. నాలుగు వారాలు గడిచేసరికి ఏ ధర మామూలుదో మీకే తెలుస్తుంది.

ఈ మూడూ కుదిరిన రోజే అదను. ఆ రోజున కొనండి. మరునాడు ధర తగ్గినా, కొత్తరకం వచ్చినా విచారించవద్దు. మీ యంత్రం నిన్న ఎంత పనిచేసిందో ఈనాడూ అంతే పనిచేస్తుంది.

ఇంటికి తెచ్చేముందు

కరీంనగరంలో కంప్యూటరు దుకాణాలున్నాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఇంకా ఎక్కువ రకాలు దొరుకుతాయి. అయితే కరీంనగరంనుంచి అక్కడికి సుమారు 160 కిలోమీటర్లు. ఆదిలాబాదునుంచి దాదాపు 300. పాడైన భాగాన్ని మార్చుకోవడానికి రానుపోను ఖర్చు, ఒక రోజు కూలి పోతాయి. కొద్దిపాటి ధర తేడాకోసం దూరం పోవాలా అన్నది ఈ లెక్క వేసుకుని నిర్ణయించాలి.

ఎక్కడ కొన్నా, దుకాణంలోనే భాగాలు కూర్పించి, కళ్ళముందు ఒక గంటసేపు నడిపించి చూడండి. ప్రతి భాగం పేరూ, నెంబరూ రాసిన బిల్లు తీసుకోండి. పెట్టెలు పారవేయవద్దు. ఇంటిదగ్గర మీరే కూర్చదలిస్తే, భాగాలను ముట్టుకునేముందు ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకండి. చలికాలపు పొడిగాలిలో ఒంటికి పట్టే స్థిరవిద్యుత్తు చిప్పులకు హాని చేస్తుంది. ఇనుము తాకితే అది పోతుంది.

మీకొక లెక్క

ఒక కంప్యూటరు, తెరతో కలిపి, ఆడుతున్నప్పుడు 350 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 2 గంటల చొప్పున 30 రోజులు ఆడితే ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది? 1,000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. జవాబు కట్టి, మీ ఇంటి కరెంటు బిల్లు పక్కన పెట్టి పెద్దలకు చూపించండి. కొనే రోజు ఖర్చు ఒక్కటే కాదు, నెలనెలా అయ్యే ఖర్చు కూడా లెక్కగట్టిన పిల్లవాడి మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది!